చీపురుపల్లి వాళ్లం

ఫ్లెక్సీలో నీలం గుడారం, దాని ముందు నవ్వుతున్న నలుగురు.
మేమూ నలుగురమే కదా అని
పదమూడు వందలు ముందే పంపాను.
మిగతాది వచ్చాక ఇవ్వమన్నారు.

పూసపాటిరేగలో బస్సు దిగి
ఆటోలో సరుగుడు తోటల మధ్య పోతుంటే
సముద్రం వాసన తగిలింది.
చిన్నది దిగ్గున లేచి, తల కడ్డీకి కొట్టుకుని,
ఏడవడం కూడా మర్చిపోయింది.
ఆ ప్రయాణంలో మాకు దక్కిన సంతోషం
లెక్కగడితే దాదాపు అంతే.

గేటు లేదు. గేటు ఉండేదని చెప్పే రెండు స్తంభాలున్నాయి.
ఎనిమిది గుడారాల్లో మూడే నిలబడి ఉన్నాయి,
అందులో ఒకదాంట్లో మేక ఈనింది.
"అది తప్ప ఏదైనా తీసుకోండి బావూ" అన్నాడు కాపలా తవిటయ్య,
పెద్ద హోటల్లో గది ఎంచుకోమన్నట్టు.

మా గుడారం జిప్పు సగం దాకా వచ్చి
మొరాయించిన ఎద్దులా ఆగిపోయింది.
పరుపు మీద ఎవరో తిని పారేసిన వేరుశనగ తొక్కలు,
మూలన ఒంటి చెప్పు, ఎడమకాలిది.
కుళాయి తిప్పితే గాలి వచ్చింది, తర్వాత తుప్పు,
తర్వాత, మా ముఖాలు చూసి జాలేసిందేమో, నాలుగు చుక్కలు.
మరుగుదొడ్డి సంగతి రాయను.
మావాడు తలుపు తీసి, వెంటనే మూసి,
"నాన్నా, ఇంటికెళ్లే దాకా నాకు రాదులే" అన్నాడు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు.
మళ్లీ చేశాను. పాట వినిపించింది.
పాట మాత్రం చాలా బాగుంది.

రమణీశ్వరి ఏమీ అనలేదు.
అంటే బాగుండేది.
బయల్దేరే ముందు ఒకటే అడిగింది:
"రెండ్రోజులు సీపురు ముట్టని సోటికి తీసుకెల్లు, సాలు."
పదకొండేళ్లుగా బడిలో ఆయా.
ఆరు గదులు, వరండా, మెట్లు, ఆ పైన మా ఇల్లు.

ఇప్పుడు కొంగు నడుముకు దోపి తవిటయ్యని అడుగుతోంది,
"సీపురుందేటి తాతా?"
ఆయన తల గోక్కున్నాడు.
"కొనిస్తామన్నారమ్మా. ఏడు నెల్లయింది.
నా జీతంతో పాటే వస్తాదేటో."

అప్పుడు తిరిగింది నావైపు.
"సీపురుపల్లోలం,
సీపురు మర్సిపోనాం."
నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.
సరుగుడు రెమ్మలు విరిచి, చిన్నదాని జడ రిబ్బనుతో కట్టి
ఊడవడం మొదలుపెట్టింది.
ఇసుక కింద ఇసుక, దాని కింద మళ్లీ ఇసుక.
ఎక్కడ ఆపాలో తెలియని పని.
నేను తొక్కలు ఏరాను. మావాడు ఊడిన మేకులు రాయితో కొట్టాడు.
ఎవరం ఎవరితోనూ మాట్లాడలేదు.

తొమ్మిదింటికి పోయిన కరెంటు మళ్లీ రాలేదు.
నిమ్మకాయ పులిహోరలో పంటికింద ఇసుక.
దీపస్తంభం వెలుగు చిరుగులోంచి దూరి
మా నలుగురి మీదుగా నడిచి వెళ్లి
మళ్లీ వచ్చేది.
చిన్నది లెక్కపెట్టింది, రెండు వందల పదిహేడు దాకా.
తర్వాత అడిగింది,
"అదీ ఊడుస్తోంది కదమ్మా? దానికైనా జీతమిస్తారా?"
చీకట్లో రమణీశ్వరి వైపు పరుపు కదిలింది.
నవ్వో, దోమో తెలీలేదు.

రెండో రాత్రి వద్దనుకున్నాం.
మిగతా డబ్బు అడగడానికి కూడా ఎవరూ రాలేదు.
సంచులు మోస్తుంటే తవిటయ్య వెనకాలే వచ్చి
మొహమాటంగా అన్నాడు,
"ఆ సీపురు వదిలేసి ఎల్తారా తల్లీ?"

సోమవారం బడికి రిబ్బను కావాలి.
రమణీశ్వరి దాన్ని విప్పింది.
కూలిన గుడారం తాడు ముక్క కోయించి,
రెమ్మలు సమంగా తట్టి, మునుపటికన్నా గట్టిగా బిగించి,
రెండు చేతులతో ఇచ్చింది.

ఆటో కోసం ఫ్లెక్సీ నీడలో నిలబడ్డాం.
చిన్నది మెడ ఎత్తి ఆ నలుగురినీ చాలాసేపు చూసింది.
"వీళ్లెక్కడ పడుకున్నారు నాన్నా?"

"అక్కడే," అన్నాను. "ఫ్లెక్సీలోనే."